పాఠశాలకు వార్షిక పరీక్ష

ఏడాదియంతయు చదివిన బాలబాలికలకు వేసవి ముంగిట పరీక్ష వచ్చుట అందఱు నెఱిగినదే. పాఠశాలకు సయితము అట్టి పరీక్ష యొకటి కలదని మాత్రము తల్లులలో పెక్కుమంది తలంపరు. మా వారు జోగిపేటకు చేరువనున్న యొక గ్రామమున ప్రభుత్వోన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఈ యేడు బడి సాధించినదేమి, బడికి కావలసినదేమి అను లెక్క వ్రాయు భారము ఏటేట వారిమీదనే పడును. కంప్యూటరున నెక్కించుటకు ముందు వారు కాగితముపై చిత్తు వ్రాసికొందురు. ఆ రాత్రులు హాజరుపట్టికలు మా యింటికి వచ్చును. వారు చదువుచుండగా మేము కూడికలు సరిచూతుము.

మేము బడికి పోయి యెఱుగము. మా తండ్రిగారు వసారాలో కూర్చుండబెట్టి అమరము, రఘువంశము, భారతము చెప్పించిరి. మా పేర మార్కుల కాగిత మొక్కటియు లేదు. సంచి భుజమున వైచుకొని గుంపుగా బడికి పోవు బాలికలను కిటికీనుండి చూచుచు చిన్ననాడు మేము పొందిన యసూయ నేటికిని పూర్తిగా చల్లారలేదు. అందుచేతనే కాబోలు, ఆ పట్టికలలో ఆడుపిల్లల పేళ్లు చదువునపుడు మా వ్రేలు కొంచెము తడవు నిలిచిపోవును.

2025వ సంవత్సరమున పదవ తరగతి పరీక్షలకు కూర్చున్నవారిలో రాష్ట్రమంతట నూటికి 92.78 మంది ఉత్తీర్ణులైరి. మా వారి బడి ఫలితమును తలయెత్తుకొన దగినదిగనే యుండెను. వారి సంతోషమున మేమును పాలుపంచుకొంటిమి. కాని నూటికి ఇంతమంది యనునపుడు ఆ నూఱు ఎవరు? పరీక్షకు కూర్చున్నవారు. కూర్చుండకమునుపే బడి విడిచినవారు ఆ లెక్కలో నుత్తీర్ణులును గారు, అనుత్తీర్ణులును గారు. వారు లేనేలేరు.

పట్టికలు సరిచూచుచుండగా మాకొక వింత కానవచ్చినది. పత్తి యేరు దినములలో మగపిల్లలు, ఆడుపిల్లలు ఇరువురును తగ్గుదురు. అది యీ సీమలో నందఱకు తెలిసినదే. కాని యెనిమిదవ తరగతి మొదలు పైతరగతుల బాలికలు నెలనెలకు మూడు నాలుగు దినములు వరుసగా రాకపోవుట కలదు. సంక్రాంతి దాటిన పిదప అది మఱింత హెచ్చినది. మా వారు దానిని అశ్రద్ధ యనుకొనుచుండిరి. మగవారి కన్నులకు అది అశ్రద్ధవలెనే తోచును. మేము చూచిన తక్షణమే గ్రహించితిమి. సోదరీమణులకు వివరింపవలసిన పనిలేదు.

మఱునాడు ఆ యూరినుండి మా వీథికి కూరలు తెచ్చు ముసలమ్మను అడిగితిమి. ఆమె మనుమరాలు తొమ్మిదవ తరగతి నడుమనే మానివేసినది. “రెండు గదులు కట్టిన్రు గని మోటరు కాలిపోయింది. నీళ్లు లేని కాడికి ఎదిగిన పిల్ల ఎట్ల పోతదమ్మా? నెలకు నాలుగొద్దులు ఇంట్లనే ఉండె. పాఠాలు ఎనకబడె. సార్లు కోపం జేస్తరని ఇగ పోనే పోనన్నది” అని యా వృద్ధురాలు చెప్పి, తూకము వేసి వంకాయలు ఇచ్చి పోయినది. ఇంత సులభముగ ఒక పిల్ల చదువు ముగిసెనా యని మేము ఆ గంప పోయినవైపే చూచుచు నిలిచితిమి.

ఆ రాత్రి ఈ సంగతి మా వారితో ప్రస్తావించితిమి. యూడైస్ అను పత్రములో మరుగుదొడ్లు కలవా, పనికివచ్చుచున్నవా యను ప్రశ్నలకు కలవు, వచ్చుచున్నవి అనియే వ్రాసి యుండిరి. “నేను అసత్యము వ్రాయలేదు. వ్రాసిననాడు మోటారు నడచుచునే యుండెను” అని వారు నొచ్చుకొనిరి. నిజమే. అది వానలకాలపు మాట. అయినను ఒక దినపు సత్యము ఏడాది సత్యము కానేరదు గదా!

భారతమున సభాపర్వమందు నారదుడు ధర్మరాజును రాజ్యక్షేమ మడుగు ఘట్టము మా తండ్రిగారు మాచే పలుమాఱులు చదివించిరి. సైనికులకు జీతము తప్పక వేళకు ముట్టుచున్నదా, కర్షకులకు విత్తనములు కొఱవడలేదు గదా యని యా ముని అడుగును. తటాకములు కలవా యని యడుగడు. నిండియున్నవా యని యడుగును. మా అందోలు పెద్దచెఱువును చూపి చెఱువు కలదనుట యెవ్వరికైనను సులభమే. నిండినదా యన్నప్పుడే సమాధానము చెప్పువాడు గట్టుదాక నడచి చూడవలసివచ్చును. ఈ మాట మేము అనగా మా వారు చాలసేపు మౌనముగ నుండిరి. సొంత సొమ్ముతో పిల్లలకు కలములు కొనియిచ్చు మనిషిని నొప్పించితిమే యని మాకు నిద్రపట్టలేదు. బడికి మచ్చ వచ్చునను వారి భయమును మేము ఎఱుగనిది కాదు. కాని తెల్లవారి చూడగా “కావలసినవి” అనుచోట మొదటి పంక్తిగా వారి దస్తూరితో నిట్లుండెను: “బాలికల మరుగుదొడ్లకు ఏడాది పొడవున నీరు.” రంగులు, గేటు, బల్లలు అన్నియు దాని క్రిందికి దిగినవి.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బాలురకు, బాలికలకు వేఱువేఱు మరుగుదొడ్లును, త్రాగునీటిని బడికి ఉండితీరవలసినవానిలో చేర్చినది. పాఠశాల యాజమాన్య సంఘమున సగము స్థానములు స్త్రీలవి కావలెనని శాసించినది. 2024లో మన రాష్ట్రమున అమ్మ ఆదర్శ పాఠశాల సంఘములును ఏర్పడినవి. ఈ ప్రాంతమున తండ్రులు అనేకులు కోడికూతవేళకే పటాన్‌చెరు కర్మాగారములకు బస్సెక్కుదురు. సభకు వచ్చువారు తల్లులే. వచ్చి వ్రేలిముద్రయో సంతకమో పెట్టి వెడలిపోవుట వాడుక. ఆ తడవ మేమును పోయి వారి నడుమ కూర్చుంటిమి. మగ ఉపాధ్యాయుల యెదుట చెప్పుటకు సిగ్గుపడు మాటను మేమే మొదట చెప్పితిమి. పిదప ఒక్కొక్కతల్లియే నోరు విప్పినది. నెల తిరుగకమునుపే మోటారు బాగుపడెను. వేసవిలో బోరు ఎండినచో ట్యాంకరు తెప్పింపవలెనని తీర్మానమును వ్రాసికొనిరి. అది ఎంతవఱకు జరుగునో వచ్చు వేసవియే చెప్పవలయును.

తీర్మానమనగా మాకు వేఱొక జ్ఞాపకము కలుగును. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మొట్టమొదట కూడినది ఈ జోగిపేటయందే. ఆ సమయముననే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. తెలుగుబిడ్డకు తెలుగున చదువు దొరకుటయే దుర్లభమైన ఆ దినములలో ఇక్కడికి వచ్చి కూర్చున్న తల్లులకు మనము ఋణపడియున్నాము. నాడు ఆడుపిల్లకు బడి లేదు. నేడు బడి కలదు. ఆ బడిలో ఒక చెంబెడు నీళ్లు లేక ఆమె ఇల్లు చేరినచో ఆ ఋణము తీరినట్లా?

ముసలమ్మ మనుమరాలు బడికి మరల రాలేదు. ఈడువారు ముందుకు పోయిరి. ఆమెకు ముఖము చెల్లలేదు. ఇప్పుడు సాయంకాలములు మా వసారాకు వచ్చుచున్నది. ఓపెన్ స్కూలు మూలమున పదవ తరగతికి కట్టింపవలెనని మా తలంపు. లెక్కలు మా వారు చెప్పుదురు, తెలుగు మేము చెప్పుదుము. ఉత్తీర్ణురాలైనను ఆమె ఆ బడి నూటిలో చేరదు. చేరకున్నను మా లెక్కలో చేరును.

సోదరీమణులారా! మీ గ్రామపు బడికి ఈ యేడు ఎన్ని మార్కులు వచ్చినవని తప్పక అడుగుడు. ఆ వెనుక నారదునివలె మఱియొక ప్రశ్న యడుగుడు: తొట్టి నిండియున్నదా? సమాధానము కొఱకు కాగితము చూడక, గట్టుదాక నడచి చూడుడు.