రంగు క్రింద తుప్పు

తెలుగు ఉపాధ్యాయుడు కళాశాల సంచికకు వ్యాసం వ్రాస్తున్నాడంటే ఏ ప్రబంధ నాయికను గురించో, ఏ ఛందో విశేషాన్ని గురించో వ్రాస్తాడని చదువరులు తలచడం సహజం. ఈ మారు మేము తుప్పును గురించి వ్రాయదలచాము. కారణం మా అన్నగారి పికప్ బండి. ఆ బండి సంపాదనతోనే మేము ఎం.ఏ. చదివాము. ఆ బండికి మేము చేసిన అన్యాయాన్ని ఇంతవరకు ఎవరితోను చెప్పుకోలేదు.

మాది మచిలీపట్నం. అబ్బాజాన్ గతించిన పిమ్మట ఇంటి భారం భాయీజాన్ భుజాలపై పడింది. 2009లో వారు వాయిదాల మీద పికప్ కొని, గిలకలదిండి రేవు నుండి విజయవాడకు చేపలు తోలనారంభించారు. వేకువనే చేపల పెట్టెలను మంచు నింపి ఎక్కించి బయలుదేరితే, సుమారు డెబ్బై కిలోమీటర్ల దారి పొడవునా ఉప్పునీరు బొట్లుబొట్లుగా కారుతూనే ఉండేది. తిరిగివచ్చాక బండిని శుభ్రంగా కడిగేవారు. లెక్కల పుస్తకం వ్రాయడం మాత్రం మా పని.

2012 వానకాలంలో ఒకనాడు భాయీజాన్ మమ్ము పిలిచి, డ్రైవరు తలుపు క్రింది గడప వద్ద చిన్న పొక్కును చూపారు. "ఛోటే, బండికి జంగ్ పట్టింది" అన్నారు. ఉర్దూలో జంగ్ అంటే తుప్పు, జంగ్ అంటే యుద్ధం. ఉర్దూ లిపిలో ఒకటి 'జే'తో, వేరొకటి 'జీమ్'తో మొదలవుతుంది. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒకటే అవుతాయి. ఆనాడు మాకు ఆ శబ్దసామ్యం చమత్కారంగా తోచింది. ఆ పొక్కు నిజంగానే యుద్ధారంభమని తెలియలేదు.

టింకరింగు మేస్త్రి ఆ పొక్కును స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు. మొన దిగబడింది. "బాబూ, ఇక్కడ రేకు లేదు, రంగే ఉంది. కోసి కొత్త రేకు అతకాలి" అన్నాడు. అతడు చెప్పిన మొత్తం విన్నాము. హాస్టలు బాకీ, పరీక్ష రుసుము మా మనస్సులో మెదిలాయి. లెక్కల పుస్తకం మా చేతిలోనే ఉన్నది. "లప్పం పెట్టి రంగు వేయిస్తే చాలు, మిగిలింది తరువాత చూచుకోవచ్చు" అని సలహా చెప్పాము. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని భాయీజాన్ తల ఊపారు. బండి క్రొత్తదానివలె మెరిసింది. మా రుసుము సకాలంలో చెల్లింది.

మరుసటి వానకాలంలో, పామర్రు దాటిన తరువాత, ఎదురుగా వచ్చిన గేదెను తప్పించబోయి భాయీజాన్ బ్రేకు మీద బలంగా కాలు మోపారు. మడమ క్రింది రేకు విరిగి, పాదం చీలమండ దాకా క్రిందికి దిగిపోయింది. రెండవ కాలితో ఎట్లో బండిని ఆపగలిగారు. మడమకు ఏడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో మేము తల వంచుకొని నిలబడితే, వారు అన్నది ఒక్కటే మాట: "పోనీలే, నీ పరీక్షలు అయిపోయాయి కదా."

అంటే ఆ సలహా వెనుక ఉన్న లెక్క వారికి మొదటినుండీ తెలుసు.

ఆ బండి మరమ్మతు జరిగిన మూడు రోజులూ మేము షెడ్డులోనే కూర్చున్నాము. మేస్త్రి మొదట రబ్బరు పట్టాను ఎత్తి చూపాడు. దాని క్రింద చెమ్మ ఆరనే లేదు. గడపకు అడుగున నీరు పోవడానికి పెట్టిన సన్నని రంధ్రాలు మట్టితో, చేప పొలుసులతో మూసుకుపోయాయి. ఇనుమునకు నీరు, గాలిలోని ప్రాణవాయువు తోడైతే తుప్పు పుడుతుంది. ఉప్పు ఆ పనిని త్వరపరుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుకనే రంగు పొక్కుగా లేస్తుంది. బండి రేకు మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. అది పోవడానికి ఎంతో కాలం పట్టదు. పైపెచ్చు మేము పెట్టించిన లప్పం చెమ్మను లోపలే బంధించింది. మరొక సంగతి కూడా అక్కడే తేలింది. ఇంటి బోరునీటితో నిత్యం బండి కడుగుతున్నాము. సముద్రతీరపు ఊరిలో ఆ నీరు కూడా ఉప్పనిదే. శుభ్రం చేస్తున్నామనుకొని ఉప్పు పూస్తున్నామన్నమాట.

మేస్త్రి ముందుగా బ్యాటరీ తీగలు విప్పాడు. చెడిన రేకును మెరిసే ఇనుము కనబడేదాకా కోసివేశాడు. క్రొత్త రేకును వెల్డింగుతో అతికి, అంచులను తీగల బ్రష్షుతో, ఉప్పుకాగితంతో రుద్దాడు. ఉప్పు చేసిన గాయాన్ని ఉప్పుకాగితం మాన్పడం తెలుగు పలుకుబడిలోని వింత. సందుల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారికామ్లం కలిసిన ద్రావకం పూశాడు. అది తుప్పును ఫాస్ఫేటు పొరగా మారుస్తుంది. ఢిల్లీలోని ఇనుప స్తంభం దాదాపు 1600 సంవత్సరాలుగా నిలిచి ఉండడానికి దాని ఇనుములో అధికంగా ఉన్న భాస్వరమే ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. పేరెరుగని ఆ ప్రాచీన కమ్మరి, మా మేస్త్రి ఒకే వృత్తివారనిపించింది.

ఆపైన జింకు ప్రైమరు, తరువాతనే రంగు. జింకు ఇనుముకంటె ముందుగా తాను క్షయమై, ఇనుమును కాపాడుతుందట. మేస్త్రి ఆ మాట చెప్పినప్పుడు మేము కట్టు కట్టిన కాలితో బల్లమీద కూర్చున్న భాయీజాన్ వైపు చూడలేకపోయాము. వెల్డింగు వేడికి లోపలి వైపు రంగు కూడా కాలిపోతుంది కనుక, చివరగా ఆ భాగానికి మైనపు పూత వేశాడు.

ఆ తరువాత ప్రతిదినం మున్సిపాలిటీ మంచినీటితో బండి అడుగుభాగం కడగడం, నెలకొకసారి పట్టా ఎత్తి ఆరబెట్టడం, రంధ్రాలను సన్నని పుల్లతో శుభ్రం చేయడం మా వంతు అయింది. బండి మరి ఆరు సంవత్సరాలు నడిచింది. 2019లో అమ్మునప్పుడు కొనుగోలుదారునికి అతుకు వేసిన చోటును భాయీజాన్ స్వయంగా చూపారు. దానివల్ల ధర కొంత తగ్గింది. ఈ మారు లెక్కల పుస్తకం పట్టుకొని మేము ఏ సలహా చెప్పలేదు.

విద్యార్థి మిత్రులారా! మీలో పెక్కుమంది రుసుము వెనుక ఒక భాయీజానో, ఒక అన్నయ్యో, తల్లిదండ్రులో ఉంటారు. వారి బండి, వారి యంత్రం, వారి ఆరోగ్యం ఏ స్థితిలో ఉన్నవో పట్టా ఎత్తి ఒకసారి చూడండి. పొక్కు చిన్నదిగా ఉన్నప్పుడే మేస్త్రి మాట వినండి.

కమిటీ పెద్దలు అన్యథా భావించరన్న ధైర్యంతో ఒక విన్నపం. వార్షికోత్సవం కోసం మన కళాశాల ఇనుప గేటుకు త్వరలో ఆకుపచ్చ రంగు వేయనున్నారు. దాని క్రింది పట్టీ మీద మూడు పొక్కులున్నవి. రంగు డబ్బా తెరవక పూర్వమే దయచేసి వాటిని గీకించగలరు.