వణకు అను మాట

క్రైస్తవుల క్రొత్త నిబంధనము మొదట గ్రీకు భాషలో వ్రాయబడినది. అందు 'త్రోమోస్' అను పదము అయిదు చోట్ల మాత్రమే కానవచ్చును. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికను తెనిగించినవారు దీనికి 'వణకు' అని పెట్టిరి. కంపమనియో, వేపథువనియో సంస్కృతము నాశ్రయింపక యింటిమాటనే గ్రహించుట మాకు మిక్కిలి మెచ్చుగా నున్నది.

ఏలయన మా ఆత్మకూరువారికి వణకు పుస్తకములోని మాట గాదు. నల్లమల యంచున నున్న యూరు గనుక చలిజ్వరపు వణకు మా పెద్దలందఱు నెఱిగినదే. దేవర పూనిన యాఁడుది వణకును. నాగలూటి, పెచ్చెరువుల మీఁదుగా నడచి శ్రీశైలము చేరు శివరాత్రి యాత్రికులలో శిఖరము కంటఁబడఁగానే కాళ్లు వణకి కూలఁబడువారు కలరు. ఇన్నింటికి నొక్కటే మాట.

గ్రీకున 'త్రేమో' యనఁగా వణకుదునని యర్థము. మన 'త్రస్' ధాతువు దీనికి దగ్గఱి చుట్టము. ధాతుపాఠమున దాని కుద్వేగమే యర్థముగాని వట్టి భయము గాదు. భరతుఁడును సాత్త్విక భావములలో వేపథువును జేర్చి, చలి, భయము, హర్షము, రోషము, ముసలితనము మున్నగువాని నన్నిటిని దానికిఁ గారణములుగాఁ జెప్పెను. గీతలో నర్జునుఁడు మొదటి యధ్యాయమున బంధువులను జూచి వణకెను. పదునొకండవ యధ్యాయమున విశ్వరూపమును జూచి వణకెను. ఈ రెండును ఒకటియని యెవ్వరనగలరు?

పౌలు వాడిన నాలుగు తావులందును త్రోమోసునకు ముందు భయవాచకమైన 'ఫోబోస్' జంటగా నుండును. అందుచేతఁ బలువురు దీనిని శిక్షకు జంకుటగాఁ దలఁతురు. మాకట్లు తోఁపదు. కొరింథీయుల మొదటి పత్రికలో వణకినవాఁడు బోధకుఁడగు పౌలే, వినువారు గారు! ఉపాధ్యాయ వృత్తిలో నున్న మాకీ మాట మిగుల నిష్టము. తరగతిలో వణకవలసినది పిల్లలే యని నమ్మినవారు మాలో నింకను గలరు. ఫిలిప్పీయుల పత్రికలోనో, వణకుతో మెలఁగుఁడని చెప్పిన వెంటనే, దేవుఁడు మీలోననే పనిచేయుచున్నాఁడని పౌలు హేతువు చూపెను. అది బెత్తము చూపుట గాదు. క్రీస్తునకు ముందే గ్రీకునకు మాఱ్పఁబడిన రెండవ కీర్తనలో ఈ పదము సంతోషముతోఁ గూడియున్నది. మార్కు సువార్త చివర సమాధినుండి పరుగెత్తిన స్త్రీలయందు విస్మయముతోఁ గూడియున్నది.

చిక్కంతయు ఎఫెసీయుల పత్రికలోనే. దాసులు యజమానులకు భయముతోను వణకుతోను లోఁబడవలెనని యందుఁ గలదు. మావద్దఁ జదువుకొని, యిపుడు పట్టణమునఁ గొలువు చేయుచున్న యొక యువకుఁడు ఈ తావు చూపి, "మా జేజినాయన ఆసామి ముందర వణికింది గూడా ఇదేనా సార్?" అని యడిగెను. అతని తాత జీతగాఁడు. తీర్చిన కొలఁది పెరుగు నప్పునకై యేండ్లతరబడి యొక యింట నెద్దులతోఁ బాటు పాటుపడినవాఁడు. అట్టి వెట్టిని నిషేధించిన చట్టము 1976లోఁ గాని రాలేదు.

వ్యాకరణముచే నీ ప్రశ్నను దాఁటవచ్చును. దాఁటుట న్యాయము గాదు. పదమొక్కటే. పౌలు దానిని దాస్యమునకును వాడెను. ఆ మరక గ్రీకు నేర్చినంతమాత్రమునఁ బోదు. అయినను నాలుగు వాక్యముల తరువాత యజమానుల వైపు తిరిగి, మీరును వారియెడ నట్లే నడువుఁడు, బెదిరింపులు మానుఁడు, మీకును వారికిని యజమానుఁడు పరలోకమున నొక్కఁడే యని యతఁడు చెప్పినాఁడు. ఆ కాలమున దాసుల యజమానులతో నిట్లు పలుకుట సామాన్యము గాదు. ఈ మాటనే మేమా యువకునకుఁ జూపితిమి.

అతఁడు దానిని రెండుమాఱులు చదివి, "మా జేజినాయనకు పైది చదివి చెప్పినోళ్లుండారు సార్. ఇది ఆసామికి ఎవరు చదివి చెప్పినారు?" అనెను.