చిన్న కేకు... పెద్ద పరీక్ష!

న్యూజెర్సీ నుంచి వచ్చే రైలు మాన్‌హట్టన్‌లోని క్రిస్టఫర్ స్ట్రీట్ స్టేషన్‌లో ఆగుతుంది. మెట్లెక్కి పైకొచ్చి పది నిమిషాలు నడిస్తే బ్లీకర్ స్ట్రీట్. ఎర్ర ఇటుకల ఇళ్లు, ఫుట్‌పాత్ మీద చెట్ల నీడ... ఆకాశహర్మ్యాల న్యూయార్క్ ఇదేనా అనిపిస్తుంది. వెస్ట్ ఇలెవెంత్ స్ట్రీట్ మూలన ఓ బుల్లి దుకాణం. లోపలికి అడుగుపెట్టకముందే వెన్న, వెనీలా వాసన. అదే మాగ్నోలియా బేకరీ!

అలిసా టోరీ, జెన్నిఫర్ ఏపెల్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు 1996లో దీన్ని తెరిచారు. పెద్ద కేకులు చేయగా మిగిలిన పిండిని పారేయడమెందుకని కాగితపు కప్పుల్లో పోసి కాల్చారట. అవే దుకాణానికి పేరు తెచ్చిపెట్టాయి. 2000లో 'సెక్స్ అండ్ ద సిటీ' టీవీ సీరియల్‌లో ఇద్దరు నాయికలు ఈ షాపు బయట కూర్చుని కప్‌కేకులు తిన్నారు. చిన్న సన్నివేశమే. కానీ ఆ తర్వాత క్యూ వీధి మలుపు తిరిగింది. మనిషికి డజను మించి ఇవ్వమని షరతు పెట్టాల్సి వచ్చింది. టూరిస్టు బస్సులూ ఆగడం మొదలైంది.

టూరిస్టుల సంగతి సరే. ఫొటో తీసుకుని, తిని వెళ్లిపోతారు. అసలు పరీక్ష పెట్టేది కప్‌కేకు మీద పట్టింపు ఉన్నవాళ్లు. వాళ్లు ముందు కాగితం తీసి చూస్తారు. కేకు దానికి అతుక్కోకూడదు, పొడిపొడిగా రాలిపోకూడదు. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేవాలి. పైనున్న క్రీము అసలైన వెన్నతో చేసిందైతే నోట్లో వేసుకోగానే కరుగుతుంది. డాల్డాలాంటి కొవ్వు కలిపితే అంగిలికి పూత పూసినట్టు పట్టుకుని కూర్చుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిచ్చారో... ఇక అంతే! చల్లదనానికి కేకు త్వరగా బిరుసెక్కుతుంది మరి. ఉదయం కాల్చింది సాయంత్రానికే తినాలన్నది వాళ్ల లెక్క.

ఈ పరీక్షలో మాగ్నోలియాకూ నూటికి నూరు మార్కులు పడవు. తీపి మరీ ఎక్కువంటారు చాలామంది. ఆ మాట నిజమే. 1999లో వాళ్లే అచ్చువేసిన వంటల పుస్తకం ప్రకారం వెనీలా క్రీముకు కప్పు వెన్న అయితే పంచదార పొడి ఆరు నుంచి ఎనిమిది కప్పులు! ఆ క్రీమును మాత్రం స్పాటులాతో, చేత్తోనే సుడి తిప్పుతూ పెడతారు. అద్దాల అవతల ఆ పని చూస్తూ నిలబడితే క్యూలో విసుగే తెలియదు.

ఇంత చిన్న కేకుకు ఇంత పట్టింపు ఎందుకు? అమెరికాలో ఇది ఇంటి వంట. చిన్న కప్పుల్లో కాల్చే కేకు గురించి 1796లోనే అమీలియా సిమన్స్ తన వంటల పుస్తకంలో రాశారు. బడిలో పుట్టినరోజుకు అమ్మ చేసి పంపేది ఇదే. ఆ రుచి అందరికీ తెలుసు. అందుకే ఒక్కోదానికి నాలుగు డాలర్లకు పైగా తీసుకునే దుకాణం ఇంటికంటే ఓ మెట్టు పైనుండాలని అడుగుతారు. అడగరా మరి!

అది మరచిన వాళ్లకు ఏమవుతుందో ఇదే ఊళ్లో చూశారు. క్రంబ్స్ 2003లో అప్పర్ వెస్ట్ సైడ్‌లో ఒక్క దుకాణంతో మొదలైంది. గుప్పిట్లో పట్టనంత కప్‌కేకులు దాని ప్రత్యేకత. ఊరూరా శాఖలు తెరిచింది, 2011లో నాస్‌డాక్‌కు ఎక్కింది. కేకులను మాత్రం బయటి బేకరీల్లో కాల్పించి షాపులకు పంపేది. 2014 జులైలో ఉన్నట్టుండి అన్ని షాపులూ మూతపడ్డాయి. ఉద్యోగులకు ఆ రోజే తెలిసింది. కొత్త యజమానులు కొన్నిటిని మళ్లీ తెరిచినా పాత సందడి తిరిగి రాలేదు.

మాగ్నోలియా కూడా 2007లో చేతులు మారింది. దుబాయ్‌కి వెళ్లింది, 2019లో బెంగళూరుకూ వచ్చింది. బ్లీకర్ స్ట్రీట్ మూల మాత్రం వదల్లేదు. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు, శాకాహారులైతే, కొనేముందు గుడ్డు సంగతి అడగడం మంచిది. కప్‌కేకులో అది మామూలే.

షాపులో కూర్చునే చోటు తక్కువ. డబ్బా పట్టుకుని ఎదురుగా ఉన్న పిల్లల పార్కు దగ్గరికి నడవాల్సిందే. పిల్లలు ముందు క్రీమంతా నాకేసి ఉత్త కేకు అమ్మానాన్నల చేతిలో పెడతారు. ఆరితేరిన వాళ్లు అలా కాదు. అడుగు సగం తుంచి, తిరగేసి క్రీము మీద పెట్టి, శాండ్‌విచ్‌లా నొక్కి తింటారు. మూతికి అంటదు, ప్రతి ముక్కలోనూ రెండూ తగులుతాయి.