రెండొందల కిలోమీటర్లు, నా ఉచిత సలహా

మా టెస్టింగ్ టీం లీడ్ ఒకావిడ ఉన్నారు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, అందుకని అక్కా అనే పిలుస్తాను. పోయిన డిసెంబర్లో నేను 200 కి.మీ. సైకిల్ బ్రెవేకి పేరిస్తున్నానని తెలిసి "నేనూ వస్తా తమ్ముడూ" అన్నారు. "ముందు ఓ వంద తొక్కి చూడండక్కా, రెండొందలు మీవల్ల కాదేమో" అని ఉచిత సలహా పడేశాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఊరుకుని, పేరిచ్చేశారు.

బ్రెవే అంటే పోటీ కాదు. 200 కి.మీ. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, అంతే. హైదరాబాద్ నుంచి మహబూబ్ నగర్ వెళ్ళి రావడం. మొదటి యాభై నేను గంటకి 28 లెక్కన లాగించాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ జాడే లేదు. వచ్చేటప్పుడు షాద్ నగర్ దగ్గర, అంటే 150 దాటాక, పిక్కలు పట్టేసి టీ కొట్టు బెంచీ మీద కూలబడ్డాను. అరగంటకి ఆవిడొచ్చారు, పొద్దున బయలుదేరిన స్పీడులోనే. "ఏం తమ్ముడూ, టీ తాగుతున్నావా?" అని, నీళ్ళు నింపుకుని వెళ్ళిపోయారు. నాకంటే గంటకి పైగా ముందు చేరారు.

దీన్నిబట్టి ఆడవాళ్ళకి ఓపికెక్కువ అని తేల్చేస్తే నాకు డిగ్రీ ఇచ్చినవాళ్ళు బాధపడతారు. శాంపిల్ సైజు రెండు, అందులో ఒకడికి తొక్కడం సరిగ్గా రాదు. కానీ ఏ డేటా చూసి ఆ సలహా ఇచ్చాను అన్నది నన్ను వదల్లేదు. అందుకే ప్రొఫెషనల్ రైడర్ల సంగతి చదవడం మొదలెట్టాను.

వాళ్ళలో ఫెటీగ్ రెసిస్టెన్స్ అని ఒకటి కొలుస్తారు. తాజాగా ఉన్నప్పుడు ఐదు నిమిషాలపాటు ఎన్ని వాట్లు తొక్కగలరు, రెండు వేల కిలోజౌళ్ళ పని చేశాక అదే ఐదు నిమిషాలు ఎన్ని వాట్లు తొక్కగలరు, తేడా ఎంత. మన భాషలో చెప్పాలంటే పీక్ లోడ్ టెస్ట్ కాదు, సోక్ టెస్ట్. పీక్ లో మగవాళ్ళు ముందుంటారు, అందులో వాదనేం లేదు. కండ ఎక్కువ, హిమోగ్లోబిన్ ఎక్కువ. కానీ పీక్ ఎక్కువున్న సర్వర్ పన్నెండు గంటల తర్వాత కూడా నిలబడుతుందని మనలో ఎవరైనా సంతకం పెడతామా?

ఇంకో తిరకాసు. 72 కిలోల మగ రైడర్ కి రెండు వేల కిలోజౌళ్ళంటే కిలోకి 28. 55 కిలోల అమ్మాయికి 36. ఇద్దరికీ అదే రెండు వేలు పెట్టి "చూశారా, ఆవిడ ఎక్కువ పడిపోయింది" అంటే, ఎనిమిది కోర్ల మెషీన్ మీద పదహారు కోర్ల లోడు వేసి తిట్టినట్టే. పోల్చాలంటే ఎవరి సామర్థ్యానికి తగ్గ లోడు వాళ్ళకివ్వాలి. అలా ఇచ్చినప్పుడు ఆడవాళ్ళ శరీరం కొవ్వుని కొంచెం ఎక్కువగా వాడుకుంటుంది, గ్లైకోజెన్ ని పొదుపు చేస్తుంది. మెల్లగా అలిసే రకం కండర తంతువుల వాటా కూడా సగటున వాళ్ళలోనే ఎక్కువ.

మరి రేసులెలా ఉన్నాయి? 2024 పారిస్ ఒలింపిక్స్ రోడ్ రేసు మగవాళ్ళకి 273 కి.మీ., ఆడవాళ్ళకి 158. సోక్ టెస్ట్ మధ్యలో ఆపేసి రిపోర్ట్ రాసుకున్నట్టుంది. పైగా పొట్టి రేసులకి తగ్గట్టే ట్రైనింగ్ కూడా ఉంటుంది కాబట్టి, రేపు కొలిచినా కనబడే తేడాలో ఒంటిది ఎంత, అలవాటుది ఎంత అని విడదీయడం కష్టం.

ఇక్కడే బెరిల్ బర్టన్ గురించి చెప్పాలి. ఇంగ్లండ్ యార్క్‌షైర్ ఆవిడ, పొలం పని చేసుకుంటూ రేసులు తొక్కేది. 1967లో పన్నెండు గంటల టైమ్ ట్రయల్ లో 277.25 మైళ్ళు, అంటే 446 కి.మీ. తొక్కింది. మగవాళ్ళలో ముందున్న మైక్ మెక్‌నమారా అదే రోజు 276.52 మైళ్ళతో పురుషుల రికార్డు కొట్టాడు పాపం. దారిలో అతన్ని దాటుతూ ఆవిడ ఓ మిఠాయి బిళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిందట. ఆవిడ దూరాన్ని మగవాళ్ళు దాటడానికి రెండేళ్ళు, ఆడవాళ్ళు దాటడానికి యాభై ఏళ్ళు పట్టింది. (ఆ రెండో అంకె బర్టన్ మామూలు మనిషి కాదని కూడా చెబుతుంది, కాబట్టి నాకు అనుకూలంగా మాత్రమే వాడుకోను.) 2019లో యూరప్ అడ్డంగా దాదాపు 4000 కి.మీ. ఉండే ట్రాన్స్‌కాంటినెంటల్ రేసుని ఫియోనా కోల్బింగర్ పది రోజుల్లో ముగించి, మగవాళ్ళందరికంటే ముందొచ్చింది. అక్కడ నిద్ర, దారి, తిండి కూడా లెక్కలోకొస్తాయి, నిజమే. మెక్‌నమారాకి బిళ్ళైనా దక్కింది, నాకు టీ డబ్బులు కూడా నేనే ఇచ్చుకున్నాను.

మొన్న క్యాంటీన్ లో అక్కకి ఆ సలహా విషయం గుర్తుచేసి సారీ చెప్పాను. "అదేం లేదు గానీ, 300కి పేరిస్తున్నా, ఇరవై గంటలట. వస్తావా?" అన్నారు. మోకాలి నొప్పి తగ్గాక చెప్తానన్నాను.