సూది వేశాక వచ్చే నెలలు

మోచేయి బయటివైపు నొప్పితో నా దగ్గరకొచ్చేవాళ్లలో టెన్నిస్ ఆడేవాళ్లు అరుదు. మగ్గం నేసేవాళ్లు, టైలర్లు, తాపీమేస్త్రీలు, రోజూ బట్టలుతికి పిండే ఆడవాళ్లే ఎక్కువ. అయినా చీటీలో రాసేది 'టెన్నిస్ ఎల్బో' అనే. వాళ్లు మాత్రం కూర్చుంటూనే అడిగేస్తారు: "ఒక సూదేసెయ్యండి సార్, రేపు పనికెళ్లాలి."

ఆ తొందర నాకు తెలుసు. కూలి పోతే ఇల్లు గడవదు. స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో కొద్ది రోజుల్లోనే హాయిగా ఉంటుంది కూడా. చిక్కంతా ఆ తర్వాతే. ఈ నొప్పి ఉన్న 165 మందిని ఏడాదిపాటు గమనించిన ఆస్ట్రేలియా పరిశోధకులు 2013లో ఫలితాలు ప్రకటించారు. స్టెరాయిడ్ పడినవాళ్లలో 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. ఉత్త సెలైన్ సూది పడినవాళ్లలో 12 శాతం మందికే!

ఈ నొప్పి పుట్టేది కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌లో. నెలల తరబడి ముదిరిన టెండన్‌లో వాపు పెద్దగా ఉండదు. పోగులు వరస తప్పి బలం తగ్గి ఉంటాయి. నేతపనివాళ్లకు పడుగు చిక్కుపడినట్టే అంటే చాలు, ఇట్టే పట్టేస్తారు. స్టెరాయిడ్ నొప్పిని అణుస్తుంది గానీ పోగుల్ని సర్దదు. పదే పదే వేస్తే ఇంకా పలచబరుస్తుంది. మడమ వెనకుండే అకిలిస్ టెండన్‌లోకైతే నేను అసలు వేయను, తెగిపోవచ్చు.

ఈమధ్య పీఆర్పీ గురించి అడుగుతున్నారు. మన రక్తమే తీసి, ప్లేట్‌లెట్లు వేరుచేసి, నొప్పి ఉన్నచోట ఎక్కిస్తారు. ఖర్చు వేలల్లో. బ్రిటన్‌లో అకిలిస్ నొప్పి ఉన్న 240 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, పీఆర్పీకీ ఉత్తుత్తి సూదికీ తేడా లేదు. దీనికోసం అప్పు చేస్తామని ఎవరైనా అంటే వద్దని గట్టిగానే చెబుతాను.

నేను ఎక్కువగా నమ్మేది వ్యాయామాన్ని. ముంజేయి బల్లమీద ఆనించి, నీళ్లసీసా పట్టుకుని, మణికట్టును మెల్లగా కిందికి దించాలి. అలవాటయ్యే కొద్దీ బరువు పెంచాలి. కనీసం 12 వారాలు పడుతుంది. "దీనికి డాక్టరెందుకు సార్?" అని ఒక నేతకార్మికురాలు నిలదీసింది. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి పుడితే భయపడి మానేయకుండా ధైర్యం చెప్పడానికమ్మా అన్నాను.

నిద్ర పట్టనంత బాధ ఉంటే ఒక్కసారి ఇంజక్షన్ వేయించుకోవడం తప్పు కాదు. అయితే షుగర్ ఉంటే ముందే చెప్పండి, స్టెరాయిడ్‌తో కొన్ని రోజులు అది పెరుగుతుంది. అదే చోట ఇదివరకే సూదులు పడి ఉంటే దాచకండి, మరొకటి వేయమని పట్టుబట్టకండి.