స్కూటరుపై నగరదర్శనము

దేశాటనము విద్యలో నొక భాగమని మన పూర్వులు తలంచిరి. కాని దేశాటన మనగా దూరదేశములకు పోవుటయే యనియు, తా నున్న వీధిని చూచుట దేశాటనము కాదనియు నొక తలంపు మనలో వేరూనియున్నది. కాశికి పోయి వచ్చినవారిని కాళ్లకు మ్రొక్కి యాదరించు మనము, ఇంటికి రెండు కిలోమీటర్లలో నున్న సమాధి యెవరిదని యడుగువానిని పనిలేనివానిగా నెంచుదుము. ఈ తలంపు మంచిది కాదు. తన యూరిని చూడనేర్వని కన్ను పరదేశమునకు పోయినను ఫొటోలనే కాని మనుష్యులను చూడజాలదు.

ఊరిని చూచుటకు వాహన మేది తగినది? కాలినడక యన్నిటికంటె మేలు. కాని మన ఎండకును, మన రహదారులకును, మా అక్కగారి మోకాళ్లకును అది పొసగదు. కారు గోడలుగల గది. అది కదలును గాని లోనివారిని వీధిలో కలియనీయదు. ఈ రెంటికిని నడుమ స్కూటరు కలదు. సందులలో దూరును, వలసినచోట నిలుచును, వీధిలోని కొత్తిమీరవాసనయు కొట్లాటయు నడ్డులేక దానిమీదివారికి చేరును.

ఇటలీదేశమువారు దీనిని మనకంటె ముందు కనుగొనిరి. యుద్ధము ముగిసి దేశము చితికియున్న 1946లో పియాజియో సంస్థవారు వెస్పా యను స్కూటరును సిద్ధపరచిరి. వెస్పా యనగా వారి భాషలో కందిరీగ. 1953లో వచ్చిన రోమన్ హాలిడే యను చలనచిత్రమున నొక రాకుమారి యీ కందిరీగ నెక్కి రోము నగరమును చుట్టుట లోకమంతయు చూచెను. నేడు రోమునకు పోవు యాత్రికులలో ననేకులు, మార్గదర్శి నడపు స్కూటరుపై వెనుక కూర్చుండి, రెండువేల యేండ్ల శిథిలములను ఒక్క పూటలో చూచివచ్చుచున్నారు. మన దేశమున 1972లో బజాజువారు తెచ్చిన చేతక్, రాణాప్రతాపుని గుఱ్ఱము పేరు ధరించి, మధ్యతరగతి సంసారమున కంతకు నొకే రథమయ్యెను. ముందు పిల్లవాడు నిలువబడును, యజమాని నడపును, వెనుక గృహిణి యొకవైపునకు కూర్చుండి కొంగు చక్రమున పడకుండ పట్టుకొనును. ఆ రథమున స్త్రీకి చోటు వెనుకనే యుండెను. ఎచటికి పోవలెనో, ఎచట నిలువవలెనో చెప్పు హక్కు ఆమెకు లేదు.

మా పూర్వవిద్యార్థిని యొకతె కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమున చరిత్ర చదువుచు, ఆదివారములందు చిన్న చిన్న బృందములను స్కూటర్లపై నగరము చూపించుచు కొంత సంపాదించుకొనుచున్నది. ఆమె మాకు కబురు పంపినది: "సారూ, రోము నగరము పాఠము మీరు చెప్పితిరి. మన నగరమున యూరోపు విడిచిపోయిన జాడలను నేను మీకు చూపెదను. ఎల్బీనగరు మొదలు కోఠివరకు పది కిలోమీటర్లే. పెద్దమ్మగారినికూడ తీసికొనిరండి."

ఆ సమయమున మా యింట నొక వివాదము నడచుచుండెను. మా కుమార్తె ఇంటర్మీడియటు సైన్సులో మంచి మార్కులతో ముగించి, ఇక ఇంజనీరింగు చదువను, చరిత్రలో బి.ఏ. చదివెద నన్నది. ఆమె మేనమామ, అనగా మా బావమరది, యీ మాట విని మూడు రోజులు మా యింట భోజనము చేయలేదు. "చరిత్ర కూడు పెట్టునా, బావా?" యని యాయన ప్రశ్న. మా గృహిణి యే పక్షమును చేరక వంటయింటిలో గిన్నెల చప్పుడుచేతనే తన యభిప్రాయమును తెలుపుచుండెను. చిన్ననాటనే భర్తను గోల్పోయి, ఆయన యుద్యోగపు పింఛనుతో నలువదేండ్లుగా దిల్‌సుఖ్‌నగరున మాతోడనే కాలము గడపుచున్న మా అక్క మాత్రము, "ముందు చూచి రండు, తరువాత తగవులాడుకొనవచ్చును" అన్నది. "నీవు లేనిదే పోము" అని మేము పట్టుబట్టితిమి. హెల్మెట్టు తలకు పెట్టగా, "కిరీటము పెట్టితిరి, రాజ్య మేదిరా తమ్ముడూ?" అని నవ్వినది.

ఆదివారమున ఆరు గంటలకు మూడు స్కూటర్లు ఎల్బీనగరు కూడలినుండి బయలుదేరినవి. ముందు మార్గదర్శిని, వెనుక మా అక్క. తరువాత మా కుమార్తె, వెనుక ఆమె తల్లి. అందరికంటె వెనుక ఒంటరిగా మేము.

ఎల్బీనగరు లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేర వెలసినదన్న సంగతి అచట నిలిచి బస్సెక్కువారిలో నెందరికి తెలియునో చెప్పలేము. పొట్టియక్షరములు మనుష్యుని మింగివేసినవి. కొంతదూరము రాగానే విక్టోరియా మెమోరియల్ అను మెట్రో నిలయము వచ్చును. 2018 సెప్టెంబరులో అమీరుపేటనుండి ఎల్బీనగరువరకు మెట్రో నడచుట మొదలైనది మొదలుకొని, ప్రతి దినము వేలమంది యీ పేరును ధ్వనివర్ధకములో వినుచున్నారు. 1901లో విక్టోరియా రాణి మరణించిన పిమ్మట, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను సరూర్‌నగరులోని తన భవనమును ఆమె స్మారకముగా అనాథబాలుర కిచ్చివేసెను. రాణి యీ యూరిని చూడలేదు, ఆమె రాజ్యమును పోయినది; అన్నము, చదువు పొందిన పిల్లల కథ మిగిలినది. "స్మారకము రాళ్లతో నిలువదు, సారూ, పనితో నిలుచును" అని మార్గదర్శిని యన్నది. ఆ వాక్యమును మేము నేర్పలేదు. తనంతట తాను సంపాదించుకొన్నది.

దిల్‌సుఖ్‌నగరునకు వచ్చితిమి. దిల్‌సుఖ్‌రాం పర్షాదు అను జాగీర్దారుని పొలము లుండిన చోటగుటచే నా పేరు వచ్చినదందురు. ఇప్పు డచట పొలములు లేవు. శిక్షణాలయముల పలకలు పండుచున్నవి. ఒక్కొక మేడకు నాలుగంతస్తులు, ఒక్కొక యంతస్తున కొక పరీక్ష. మా కుమార్తె వయసు పిల్లలు పల్లెలనుండి వచ్చి, ఇరుకు వసతిగృహములలో నుండి, తెల్లవారకమునుపే పుస్తకములతో నడచిపోవుదురు. వారిని చూచి పరిహసించువారము మేము కాము. ఆ పుస్తకముల వెనుక తాకట్టుపడిన పొలములు గలవు.

బస్సులు నిలుచు చోట మార్గదర్శిని స్కూటరు నాపినది. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలమున ఇచటనే రెండు బాంబులు ప్రేలినవి. బస్సులకై నిలిచినవారు, ఉపాహారము తినుచున్నవారు మరణించిరి. ఉద్యోగపరీక్షలకు చదువుకొనుచుండిన యువకులును వారిలో నుండిరి. ఆమె యుపన్యాస మీయలేదు, ఒక నిమిషము నిలిచినది. ఆ సాయంకాలము సాయిబాబా గుడినుండి తిరిగివచ్చుచు ఆ ధ్వని విన్న మా అక్క, మాతో నెన్నడు చెప్పని సంగతులను ఆ పిల్లకు చెప్పుచుండెను. కోటలును సమాధులును మాత్రమే చరిత్ర కాదని, మన యింటివారి నోట నిలిచిపోయిన మాటయు చరిత్రయేనని మా కుమార్తె యప్పు డొక చిన్న పుస్తకమున వ్రాసికొన్నది.

అటనుండి మూసారాంబాగు మీదుగా అస్మాన్‌గఢ్ గుట్ట నెక్కితిమి. అచట ఫ్రెంచిదేశీయుడగు రేమండు సమాధి కలదు. 1755లో గాస్కనీ ప్రాంతమున పుట్టి, ఇరువదేండ్ల వయసున పుదుచ్చేరికి వచ్చిన యీతడు, తుదకు రెండవ నిజాము కొలువున చేరి, వేలకొలది సిపాయిలను తీర్చిదిద్ది, ఫిరంగులు పోతపోయించెను. గన్‌ఫౌండ్రీ యను పేట పేరు ఆ పనికి గుర్తు. 1798 మార్చి 25న మరణించెను. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లీషువారు అతని సైన్యమును నిరాయుధముచేసి, నిజామును తమ రక్షణలోనికి, అనగా తమ చెప్పుచేతలలోనికి, తెచ్చుకొనిరి. సమాధి నల్లరాతి సూదిస్తంభము, దానిపై జే.ఆర్. అను రెండక్షరములు. హిందువులు ఆయనను మూసారామనియు, మహమ్మదీయులు మూసారహీమనియు పిలుచుకొనిరి. మూసారాంబాగు పేరు అట్లు పుట్టినది. పరదేశి యైన యొక సైనికునిలో నొకరు రాముని, నొకరు రహీమును చూచిరి. ఒక్క మనుష్యుని రెండు పేర్లతో తమవానిగా చేసికొన్న యీ నేలపై, ఒక్క యూరివారు రెండు పేర్లచేత తగవులాడుట యెంత తెలివితక్కువ!

చాదర్‌ఘాటు కడ మూసీ దాటితిమి. మా గృహిణి ముక్కు మూసికొన్నది, అది న్యాయమే. ఈ మురుగునీరే 1908 సెప్టెంబరు 28న పొంగి వేలమందిని మ్రింగినది. అఫ్జల్‌గంజు కడనున్న యొక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రతికిరందురు. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాచే ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ఏర్పడినవి. కాని నీటికి జ్ఞాపకశక్తి యెక్కువ. 2020 అక్టోబరులో సరూర్‌నగరు చెరువు క్రింది కాలనీలలో పడవలు నడచినవి. చెరువు తన పాత చోటికి వచ్చినది. మనము దానిని వరద యంటిమి. చెరువుల చరిత్ర తెలిసినవా డొకడు ఇండ్లస్థలములకు పత్రములు వ్రాయువారి ప్రక్కన కూర్చుండియుండినచో ఎన్ని సంసారములు తడవకుండెడివో! చరిత్ర కూడు పెట్టునా యను ప్రశ్నకు ఇది యొక ప్రత్యుత్తరము: అది కొన్నిచోట్ల, ఉన్న కూడు నీటిపాలు కాకుండ కాపాడును.

తుదకు కోఠి. కోఠి యనగా మేడ. ఆ మేడయే బ్రిటిషు రెసిడెన్సీ. 1803 ప్రాంతమున రెసిడెంటు జేమ్స్ కర్క్‌పాట్రిక్ కట్టించుటకు మొదలిడెను. కొరింథియను పద్ధతి స్తంభము లారు, విశాలమగు మెట్లు, ఇరువైపుల రెండు సింహములు. 1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీను తమ వారితో దాడిచేసినది దీనిపైననే. మార్గదర్శిని ముందుగా అనుమతి సంపాదించియుండుటచే లోనికి పోగలిగితిమి.

కాని ఆమె మమ్ము ముందు మెట్లకడకు కొనిపోలేదు. వెనుకవైపున, ఒకప్పు డంతఃపుర ముండిన తావున, ఆ మేడ యొక్క చిన్న ప్రతిరూపము కలదు. పిల్లలు కట్టుకొన్న బొమ్మరిల్లువలె నుండును. కర్క్‌పాట్రిక్ పెండ్లాడిన ఖైరున్నీసా బేగము పరదాలో నుండుటచే మేడ ముంగిలికి రాజాలదట. తన భర్త కట్టించుచున్న మేడ యెట్లుండునో ఆమె చూచుటకై యీ బొమ్మను చేయించెనని చెప్పుదురు. 1805లో పిల్ల లిద్దరిని ఇంగ్లండునకు పంపిరి. తల్లి వారిని మరల చూడలేదు. ఆ సంవత్సరమే భర్తయు కలకత్తాలో మరణించెను.

మా అక్క ఆ బొమ్మరింటి ముందు చాలసేపు నిలిచినది. "ఈ యింటి యిల్లాలు ముంగిలి చూడలేదా?" యని యడిగినది. "చూడలేదు, పెద్దమ్మా." "ఆమె బొమ్మలో చూచినది. నేను నలువదేండ్లు ఆస్పత్రికి పోవుచు బస్సుకిటికీలోనుండి గోడను చూచితిని." ఆ మాటలో ఏడుపు లేదు, కోపము లేదు, లెక్క చెప్పినట్లుండెను. మాలో నెవరికిని మాట రాలేదు.

ఆ తరువాత మార్గదర్శిని ఆమె చేయి పట్టుకొని ముందువైపునకు తీసికొనిపోయి మెట్లెక్కించినది. 1924లో పుట్టిన బాలికల కళాశాల 1949లో ఈ భవనమునకు వచ్చినది. 2022లో అది విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. పాలకుర్తిలో తన కౌలుపొలపు పంటను దొరకు దక్కనీయక నిలిచిన యొక బీదస్త్రీ పేరు, రెసిడెంటు మేడపై నిలిచినది. బేగమునకు ముంగిలి చూపని యింట నేడు వేలమంది ఆడపిల్లలు ముంగిటినుండియే వచ్చిపోవుచున్నారు. ఈ మార్పు తనంతట తాను రాలేదు. ఒక్కొక యింట నొక్కొక ఆడపిల్ల చదువుదు ననుటయు, ఎవరో యొకరు చదువు మనుటయు దీనికి కారణము.

ఆ రాత్రి మా బావమరది వచ్చెను. కూటి ప్రశ్నను మరల వేసెను. ఆ ప్రశ్నను మేము త్రోసివేయలేదు. త్రోసివేయుటకు అది అల్పమైనది కాదు. బి.ఏ. చదివినవారికి ఇంజనీరునకువలె మొదటి నెలనుండియే పెద్దజీతము రాదు. ఆ సంగతి కుమార్తెకు దాచక చెప్పితిమి. ఆమెయు దాచక చెప్పినది: ఉపాధ్యాయశిక్షణ పొందెద ననియు, ఆదివారములందు మార్గదర్శినికి తోడుగా పనిచేసెద ననియు, మూడేండ్లలో తన కాళ్లపై నిలువలేకున్నచో అప్పుడు మామయ్య చెప్పిన పరీక్షలు వ్రాసెద ననియు. ఆయన తల యూపలేదు, కాదనలేదు. మా అక్క లోనికిపోయి తన పింఛను పుస్తకమును తెచ్చి బల్లమీద పెట్టి, "మొదటి యేటి రుసుము నాది. నాకు మెట్లెక్కించిన పిల్ల చదివిన చదువే దీనికిని కావలెను" అన్నది. బావమరది ఆ రాత్రి మా యింటనే భోజనము చేసెను. ఆయన మనసు మారినదని మేము చెప్పజాలము. ఆకలి మాత్రము మారలేదు.

చదువరులారా, పిల్లలకు రోము చక్రవర్తుల పేర్లు నేర్పుట తప్పు కాదు, మేమును నేర్పుచున్నాము. కాని తాము దిగు నిలయమున కాపేరు ఎట్లు వచ్చినదో తెలియని పిల్లవానికి రోము ఒక పరీక్షాప్రశ్న మాత్రమే యగును. నెలకొక యాదివారము చాలును. ఇంటనున్న స్కూటరును బయటికి తీయుడు. దానిని మీ యింటి యాడపిల్ల చేతి కిండు. వెనుక కూర్చుండి, ఎచట నిలువవలెనో ఆమెనే చెప్పనిండు. ఎన్నడును గడప దాటని వృద్ధురాలు మీ యింట నున్నచో, హెల్మెట్టు కొనునప్పుడు ఆమె కొరకును ఒకటి కొనుడు.