గుడి తేలితే... పుట్టి ఒడ్డుకే!

వేసవి వచ్చిందంటే ఎక్కడైనా పడవ షికారుకు గిరాకీ. సంగమేశ్వరంలో మాత్రం అంతా తిరకాసే! నంద్యాల జిల్లా (2022 వరకూ కర్నూలు జిల్లానే) కొత్తపల్లి మండలంలోని ఈ గుడి ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం జలాశయంలోనే ఉంటుంది. నీరు తగ్గేకొద్దీ ముందు శిఖరం తొంగిచూస్తుంది. గుడి పూర్తిగా బయటపడేదాకా పుట్టిలోనే ప్రయాణం. తర్వాత పుట్టి ఒడ్డుకు, భక్తులు నడిచి గుడికి! లోపల వేపమాను శివలింగం. ఏళ్ల తరబడి నీళ్లలో నానినా చెక్కుచెదరలేదు మరి.

జలాశయం నిండుమట్టం 885 అడుగులు. గుడి పూర్తిగా బయటపడేది సుమారు 840 దగ్గర. పోతిరెడ్డిపాడు తూముల అడుగుమట్టమేమో 841! అంటే స్వామి దర్శనమిచ్చేసరికి కర్నూలు, కడప పొలాల కాలువలకు ఆ తూముల నీళ్లు అందవన్నమాట. అందుకే ఇక్కడి రైతులు కృష్ణమ్మ వరద కోసం ఎదురుచూస్తారు, గుడి మళ్లీ మునుగుతుందని తెలిసినా.